పిల్లల్లో జీవక్రియ రేటు, శరీర బరువు

ప్రాణం నిలుపుకోవడానికి, కదలడానికి, తిన్నది అరిగించుకోవడానికి, పెరగడానికి శరీరం ఒక రోజులో ఖర్చుచేసే శక్తిని జీవక్రియ రేటు అంటారు. దీన్ని కిలో కేలరీల్లో లెక్కిస్తారు. వాడుకలో వీటినే కేలరీలు అంటున్నాం. పరగడుపున, మెలకువతో, కదలకుండా పడుకుని ఉన్నప్పుడు అయ్యే ఖర్చు మూల జీవక్రియ రేటు. గుండె కొట్టుకోవడం, ఊపిరి, మెదడు, కాలేయం, మూత్రపిండాల పని, ఒంటి వేడి అన్నీ ఈ పద్దు కిందికే వస్తాయి. పిల్లల లెక్కలో వీటికి తోడు ఎదుగుదల అనే పద్దు ఉంటుంది. అందుకే పిల్లల బరువును పెద్దల కొలతలతో బేరీజు వేయడం కుదరదు.

పిల్లల బరువు గురించి మన ఇళ్లలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. బక్కగా ఉన్న పిల్లాడి తల్లి ‘ఎంత పెట్టినా ఒంటికి పట్టడం లేదు’ అంటుంది. బొద్దుగా ఉన్న పిల్ల తల్లి ‘నీళ్లు తాగినా ఒళ్లొచ్చేస్తోంది, మెటబాలిజం స్లో అట’ అంటుంది. వందేళ్లకు పైగా సాగిన కొలతలు ఈ రెండో మాటను దాదాపు పూర్తిగా తోసిపుచ్చాయి. మొదటి మాటలోని బాధ నిజమే. కానీ దాని మూలం ఎక్కువగా చాలీచాలని తిండిలోనూ, పదేపదే వచ్చే జబ్బుల్లోనూ ఉంటుంది.

కొలిచే పద్ధతులు

శరీరంలో ఇంధనం కాలుతుందన్న ఊహకు ప్రయోగంతో రుజువు చూపినవాళ్లు ఫ్రాన్స్‌కు చెందిన లవోయిజర్, లాప్లాస్. 1780లలో వాళ్లు మంచు నింపిన పాత్ర మధ్య గినీపిగ్‌ను ఉంచి, ఎంత మంచు కరిగిందో చూసి ఆ జంతువు విడుదల చేసిన వేడిని లెక్కగట్టారు. ఆ తర్వాత వేడిని నేరుగా కొలవడం కన్నా, పీల్చుకున్న ఆక్సిజన్‌ను, వదిలిన కార్బన్ డై ఆక్సైడ్‌ను కొలవడం సులువని తేలింది. శరీరం ఒక లీటరు ఆక్సిజన్ వాడితే సుమారు 5 కిలో కేలరీల శక్తి వెలువడుతుంది. ఇప్పటికీ ఆసుపత్రుల్లోనూ పరిశోధనశాలల్లోనూ జరిగే కొలతలకు ఇదే ఆధారం.

పసిపిల్లల విషయంలో ఈ పనికి పునాది వేసినవాళ్లు అమెరికాలోని బోస్టన్‌కు చెందిన ఫ్రాన్సిస్ బెనెడిక్ట్, పిల్లల వైద్యుడు ఫ్రిట్జ్ టాల్బట్. శిశువుల శ్వాసవాయువుల కొలతలను 1914లోనూ, పుట్టుక నుంచి యుక్తవయసు దాకా జీవక్రియ ఎలా మారుతుందో చెప్పే గ్రంథాన్ని 1921లోనూ వెలువరించారు. పెద్దవాళ్లను కదలకుండా పడుకోమంటే పడుకుంటారు. పసిబిడ్డ వినదు కదా. అందుకే శిశువులను నిద్రలో ఉన్నప్పుడు కొలుస్తారు. కాస్త పెద్ద పిల్లలైతే తల మీద పారదర్శకమైన గొడుగులాంటి తొడుగు ఉంచి, ఇష్టమైన కథ వినిపిస్తూనో బొమ్మల సినిమా చూపిస్తూనో అరగంట పడుకోబెడతారు. పిల్ల ఏడ్చినా కాళ్లు ఆడించినా ఆ కొలత పనికిరాదు.

ఇలా తెలిసేది విశ్రాంతిలో అయ్యే ఖర్చు మాత్రమే. బడికి వెళ్లి, మైదానంలో ఆడి, ఇంట్లో అల్లరి చేసే పిల్లల మొత్తం ఖర్చు తెలుసుకోవడానికి చాలాకాలం దారి దొరకలేదు. 1950లలో నాథన్ లిఫ్సన్ జంతువుల కోసం రూపొందించిన పద్ధతిని 1982లో డేల్ షోలర్ బృందం మనుషులకు అన్వయించాక ఆ కొరత తీరింది. పిల్లలకు బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ ఉన్న నీళ్లు కొద్దిగా తాగిస్తారు. వీటిలో రేడియో ధార్మికత ఉండదు, హాని లేదు. హైడ్రోజన్ ఒంట్లోంచి నీటి రూపంలోనే పోతుంది. ఆక్సిజన్ నీటితోనూ పోతుంది, కార్బన్ డై ఆక్సైడ్‌తోనూ పోతుంది. ఒకటి రెండు వారాలపాటు మూత్రం నమూనాల్లో ఈ రెండూ ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూస్తే, ఆ తేడా నుంచి ఎంత కార్బన్ డై ఆక్సైడ్ వెలువడిందో, దాన్నుంచి ఎంత శక్తి ఖర్చయిందో లెక్క తేలుతుంది. ఈలోగా పిల్లలు తమ మానాన తాము తిరుగుతూనే ఉంటారు. అందుకే ఈ పద్ధతి వచ్చాక పాత అంచనాలు చాలా మారాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థలు 1985లో ఏడేళ్ల లోపు పిల్లలకు సూచించిన కేలరీలను తర్వాతి నివేదికలో దాదాపు ఐదో వంతు తగ్గించడానికి కారణం ఈ కొలతలే.

బరువు పెరిగే కొద్దీ

అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న సమీకరణాల ప్రకారం 10 కిలోల బరువున్న ఏడాది మగబిడ్డ మూల జీవక్రియ రేటు రోజుకు సుమారు 565 కిలో కేలరీలు. 20 కిలోల ఆరేళ్ల బాబుకు 960 దాకా, 40 కిలోల పదమూడేళ్ల కుర్రాడికి 1,365, 60 కిలోల యువకుడికి 1,600. అంటే బరువు పెరిగే కొద్దీ మొత్తం ఖర్చు పెరుగుతుంది. కానీ కిలోకు ఎంత పడుతుందని చూస్తే లెక్క తిరగబడుతుంది. ఏడాది బిడ్డకు కిలోకు 56, ఆరేళ్లవాడికి 48, పదమూడేళ్లవాడికి 34, యువకుడికి 27 కిలో కేలరీలు. పసిబిడ్డ శరీరంలో ప్రతి కిలో, తండ్రి శరీరంలోని కిలో కంటే రెట్టింపు శక్తి వాడుతోందన్న మాట.

ఎందుకిలా అన్న ప్రశ్నకు జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ రూబ్నర్ 1883లో ఒక జవాబు చెప్పాడు. చిన్న శరీరానికి బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది, అందుకే ఎక్కువ కాల్చాలి అన్నాడు. 1932లో మాక్స్ క్లైబర్ రకరకాల జంతువుల లెక్కలు పక్కపక్కన పెట్టి, జీవక్రియ రేటు బరువుకు ముప్పావు ఘాతం చొప్పున పెరుగుతుందని చూపాడు. పిల్లల విషయంలో మాత్రం అవయవాల పాలు చూస్తేనే అసలు కారణం బోధపడుతుంది. ఒక కిలో మెదడు రోజుకు సుమారు 240 కిలో కేలరీలు వాడుతుంది. కాలేయం 200, గుండె, మూత్రపిండాలు 440 చొప్పున వాడతాయి. విశ్రాంతిలో ఉన్న కండ కిలోకు 13, కొవ్వు 4 లేదా 5 మాత్రమే. పెద్దవాళ్ల బరువులో మెదడు వాటా 2 శాతం. అప్పుడే పుట్టిన బిడ్డలో అది 10 శాతం పైమాటే. శక్తిని విపరీతంగా వాడే అవయవాలు చిన్న ఒంట్లో ఎక్కువ చోటు ఆక్రమించి ఉంటాయి కాబట్టే పిల్లల రేటు అంత ఎక్కువ.

2014లో క్రిస్టఫర్ కుజావా బృందం ప్రచురించిన లెక్కలు ఈ విషయంలో చాలా విలువైనవి. ఐదేళ్ల ప్రాయంలో మెదడు వాడే గ్లూకోజ్, విశ్రాంతిలో ఒళ్లంతటికీ అయ్యే ఖర్చులో దాదాపు మూడింట రెండొంతులకు సమానం. అదే వయసులో శరీరం బరువు పెరిగే వేగం బాగా మందగిస్తుంది. మెదడు తన వాటా తీసుకున్నాక ఒళ్లు పెరగడానికి మిగిలేది తక్కువ కాబట్టే మనిషి బిడ్డ ఇంత నిదానంగా పెరుగుతుందని వాళ్ల వాదన.

ఈ లెక్కలు వంటింటికి ఎలా వర్తిస్తాయో చూడాలంటే జాతీయ పోషకాహార సంస్థ పట్టికను తిరగేస్తే చాలు. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ ఇది. దాని 2020 సిఫారసుల ప్రకారం 7–9 ఏళ్ల పిల్లలకు, అంటే సుమారు 25 కిలోల బరువున్నవాళ్లకు, రోజుకు 1,700 కిలో కేలరీలు కావాలి. 55 కిలోల బరువుండి ఎక్కువగా కూర్చుని పనిచేసే మహిళకు కావలసింది 1,660. మూడో తరగతి పిల్లకు వాళ్లమ్మకన్నా కొంచెం ఎక్కువే కావాలి. చిన్న కంచం, చిన్న పొట్ట కాబట్టి ఆ తిండిని మూడు పూటల్లో కుక్కడం సాధ్యం కాదు. పిల్లలకు నాలుగైదు సార్లు పెట్టడం గారాబం కాదు, అవసరం.

వయసుతో మార్పులు

2021లో హెర్మన్ పాంట్జర్ సహా అనేకమంది శాస్త్రవేత్తలు 29 దేశాలకు చెందిన 6,421 మంది కొలతలను ఒక్కచోట చేర్చారు. వాళ్లలో ఎనిమిది రోజుల పసిగుడ్డు నుంచి 95 ఏళ్ల వృద్ధుల వరకూ ఉన్నారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక తేలింది ఇది: పుట్టిన నెలలో బిడ్డ రేటు దాదాపు తల్లి రేటులాగే ఉంటుంది. తర్వాత గబగబా పెరిగి, ఏడాది నిండేసరికి పెద్దవాళ్ల కన్నా సుమారు 50 శాతం ఎక్కువవుతుంది. అక్కడి నుంచి ఏటా దాదాపు 3 శాతం చొప్పున తగ్గుతూ ఇరవై ఏళ్లకు పెద్దల స్థాయికి చేరుతుంది. ఈడొచ్చే వయసులో జీవక్రియ ఉన్నట్టుండి ఎగబాకుతుందన్న నమ్మకానికి ఈ కొలతల్లో ఆధారం దొరకలేదు. టీనేజి కుర్రాడు అంత తినేది ఒళ్లు పెద్దదవుతున్నందుకే.

పుట్టిన తొలి మూడు నెలల్లో బిడ్డ తాగే పాలలోని శక్తిలో మూడో వంతుకు పైగా ఎదుగుదలకే పోతుంది. ఐదు నెలలకు పుట్టిన బరువు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావడం దాని ఫలితమే. ఏడాది నిండేసరికి ఈ వాటా 5 శాతం లోపుకు పడిపోతుంది. ఆపైన చాలా ఏళ్లు ఒకటి రెండు శాతమే. ఏడాది దాటిన బిడ్డ ‘ఇదివరకులా తినడం లేదు’ అని బెంగపడే తల్లులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

నవజాత శిశువుకు మరో ప్రత్యేకత ఉంది. పెద్దవాళ్లలా వణికి వేడి పుట్టించుకోలేదు. భుజాల ఎముకల నడుమ, మెడ చుట్టూ, మూత్రపిండాల దగ్గర ఉండే గోధుమ రంగు కొవ్వును కాల్చి వేడి తెచ్చుకుంటుంది. చలిలో వదిలేస్తే బిడ్డ తాగిన పాలు బరువుగా మారకుండా వేడి కిందే ఖర్చయిపోతాయి. నెలలు నిండని పిల్లల్లో ఈ కొవ్వు కూడా తక్కువే. బిడ్డను తల్లి గుండెకు ఆనించి చర్మానికి చర్మం తగిలేలా ఉంచే కంగారూ పద్ధతి 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగొటాలో మొదలైంది. దానితో బరువు మెరుగ్గా పెరగడానికి ఒక కారణం ఇదే.

ఏడాది వయసులో బూరెబుగ్గలతో ఉన్న బిడ్డ నాలుగైదేళ్లకు సన్నబడుతుంది. ‘చిక్కిపోయాడు’ అని అమ్మమ్మలు దిగులుపడే వయసు ఇది. నిజానికి ఎత్తుతో పోల్చిన బరువు ఐదారేళ్లకు కనిష్ఠానికి చేరి, మళ్లీ పెరగడం సహజం. ఫ్రాన్స్‌కు చెందిన రోలాండ్ కషెరా 1984లో ఈ మలుపును గుర్తించి, అది ముందే వచ్చే పిల్లల్లో తర్వాత ఊబకాయం ఎక్కువని చూపారు. ఢిల్లీలో పుట్టిన పిల్లలను దశాబ్దాలపాటు గమనించి 2004లో వెలువరించిన అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. పసితనంలో సన్నగా ఉండి, ఈ మలుపు తొందరగా వచ్చి, ఆపైన బరువు పెరుగుతూ పోయినవాళ్లలో ముప్పై ఏళ్లు వచ్చేసరికి మధుమేహ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. నాలుగేళ్ల పిల్లాడు సన్నబడ్డాడని గిన్నెడు నెయ్యి, స్వీట్లు, పొడి డబ్బాల పానీయాలు బలవంతంగా పట్టించడం అందుకే మంచిది కాదు.

బొద్దు పిల్లల జీవక్రియ నెమ్మదా?

ఎనిమిదేళ్ల ఇద్దరు బాబులను తీసుకుందాం. ఒకరు 22 కిలోలు, మరొకరు 30. పైన చెప్పిన సమీకరణాల ప్రకారం మొదటివాడి మూల జీవక్రియ రేటు సుమారు 1,000 కిలో కేలరీలు, రెండోవాడిది 1,185. బరువైన పిల్లాడే ఎక్కువ ఖర్చుచేస్తున్నాడు. కిలోకు లెక్కగడితే మాత్రం అతనిది 40, సన్నగా ఉన్నవాడిది 46. కొవ్వు తక్కువ శక్తి వాడే కణజాలం కాబట్టి ఈ తేడా వస్తుంది. ‘స్లో మెటబాలిజం’ అన్న అపోహ చాలావరకు ఈ కిలో లెక్క దగ్గరే పుట్టింది.

1990లో లిండా బాండీని, షోలర్, విలియం డైట్జ్ టీనేజి పిల్లలపై బరువైన నీళ్ల పద్ధతితో చేసిన పరిశీలన దీన్ని స్పష్టం చేసింది. ఊబకాయం ఉన్నవాళ్ల మొత్తం ఖర్చు మిగతావాళ్ల కన్నా ఎక్కువగానే ఉంది. తిన్నదంతా రాసిపెట్టమంటే, ఊబకాయం లేనివాళ్లు రాసింది వాళ్ల ఖర్చులో 80 శాతానికి సరిపోయింది, ఉన్నవాళ్లు రాసింది 60 శాతం లోపే. ఇది అబద్ధమాడటం కాదు. సిగ్గు, మరుపు, చిరుతిళ్లను తిండిగా లెక్కవేయకపోవడం అన్నీ కలిసి అలా చేస్తాయి. బొద్దుగా ఉన్న పిల్లలను ‘దొంగతిండి’ అంటూ నలుగురిలో అనడం మరింత హాని చేస్తుంది.

ఇంకో వైపు సాక్ష్యం కూడా ఉంది. 1988లో కేంబ్రిడ్జిలో సూసన్ రాబర్ట్స్ బృందం 18 మంది శిశువులను గమనించి, ఏడాదికి అధిక బరువుకు చేరినవాళ్ల శక్తి ఖర్చు మూడు నెలల వయసులో దాదాపు 21 శాతం తక్కువగా ఉందని చెప్పింది. ఆ తర్వాత 1999లో ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం మరింత మంది శిశువులను పరిశీలిస్తే, ఏడాదికి బరువును నిర్ణయించింది ఖర్చు కాదనీ, బిడ్డ ఎంత పాలు తీసుకుంటోంది, ఎంత జోరుగా చీకుతోంది అన్నదేననీ తేలింది. టీవీ చూస్తుంటే పిల్లల జీవక్రియ విశ్రాంతి స్థాయికన్నా కిందికి పడిపోతుందని 1993లో వచ్చిన ఫలితం కూడా మరుసటి ఏడాది వెలువడిన పరిశీలనలో నిలబడలేదు. టీవీ ముందు అన్నం తినిపించడం వల్ల చేటు ఉంది, కానీ అది ఎంత తిన్నామో తెలియకపోవడం వల్ల.

ఈక్వడార్ అమెజాన్ అడవుల్లోని షువార్ తెగ పిల్లలు నగరాల పిల్లల కన్నా ఎక్కువ తిరుగుతారు, తరచూ అంటువ్యాధులతో పోరాడతారు. 2019లో శామ్యూల్ అర్లాకర్ బృందం కొలిస్తే, వాళ్ల మొత్తం రోజువారీ ఖర్చు అమెరికా, బ్రిటన్ పిల్లలతో సమానంగానే ఉంది. రోగనిరోధానికీ ఆటకూ పోయిన శక్తిని శరీరం ఎదుగుదల దగ్గర తగ్గించి సర్దుకుంటోందని వాళ్ల నిర్ధారణ. ఆటలు పిల్లలకు ఎంతో అవసరం. ఎముకకు, గుండెకు, మనసుకు మేలు. అయితే ఆటతోనే బరువు తగ్గించేద్దామనుకుంటే ఫలితం అంతంత మాత్రమే. పెరిగే బరువుకు ముఖ్య కారణం కంచంలోనూ గ్లాసులోనూ ఉంది.

నిజంగా మందగించే జబ్బులు

థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోను తయారు చేయకపోతే జీవక్రియ రేటు నిజంగానే పడిపోతుంది. పిల్లల్లో దీని తొలి ఆనవాలు ఎత్తు పెరగకపోవడం. బరువు కొంత పెరిగినా అందులో చాలావరకు నీరే. మామూలు ఊబకాయం ఉన్న పిల్లలు దీనికి పూర్తిగా వేరు. వాళ్లు సాధారణంగా ఈడువాళ్ల కన్నా పొడుగ్గా ఉంటారు. బొద్దుగా, పొడుగ్గా ఎదుగుతున్న పిల్లకు థైరాయిడ్ కారణం కావడం చాలా అరుదు. ఇలాంటి పిల్లల్లో థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువగా కనిపించవచ్చు. అది అధిక బరువు ఫలితమే, చాలామందిలో బరువు తగ్గితే అదీ తగ్గుతుంది. బరువు తగ్గించడానికి థైరాయిడ్ మాత్రలు వాడటం తప్పు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం సంగతి వేరు. తొలి వారాల్లోనే గుర్తించి మందు మొదలుపెట్టకపోతే బుద్ధిమాంద్యం మిగులుతుంది. మడమ నుంచి తీసే ఒక్క రక్తపు బొట్టుతో దీన్ని పట్టుకోవచ్చు.

15వ క్రోమోజోము లోపంతో వచ్చే ప్రాడర్–విల్లీ వ్యాధిలో కండ తక్కువ కాబట్టి ఖర్చు తక్కువ, పైగా రెండు మూడేళ్ల తర్వాత తీరని ఆకలి మొదలవుతుంది. కేఎస్‌ఆర్‌2 అనే జన్యువులో మార్పులున్న కొద్దిమందిలో జీవక్రియ రేటే తక్కువని 2013లో కనుగొన్నారు. ఇవన్నీ అరుదైనవి.

లెప్టిన్ కథ మరింత కళ్లు తెరిపించేది. 1997లో కేంబ్రిడ్జి వైద్యులు పాకిస్తానీ మూలాలున్న కుటుంబంలోని ఇద్దరు పిల్లలను వర్ణించారు. ఎనిమిదేళ్ల పాప బరువు 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. కొవ్వు కణాల నుంచి మెదడుకు ‘చాలు’ అని చెప్పే లెప్టిన్ హార్మోను వాళ్లలో లేదు. చూసినవాళ్లెవరైనా జీవక్రియ చచ్చుబడిందనుకుంటారు. కొలిస్తే వాళ్ల మూల జీవక్రియ రేటు ఆ శరీరానికి తగ్గట్టే ఉంది. ఉన్నదల్లా అదుపులేని ఆకలి. ఆ పాపకు ఏడాదిపాటు లెప్టిన్ సూదిమందు ఇస్తే 16 కిలోలకు పైగా తగ్గింది. పిల్లల బరువును జన్యువులు ప్రభావితం చేసేది ఎక్కువగా ఆకలి ద్వారానే అన్న అవగాహనకు ఈ కేసు మూలస్తంభం. ఆ పిల్లను తిండిపోతు అని నిందించడం ఎంత అన్యాయమో కూడా ఇదే చెబుతుంది.

తక్కువ బరువు

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1 శాతం. అదే వయసులో అధిక బరువున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.4 శాతం. తెలుగు పత్రికల్లో ఊబకాయం గురించి వచ్చినంతగా ఈ మూడో వంతు పిల్లల గురించి రాకపోవడం విచారకరం.

తిండి చాలని శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది. జమైకాలో జాన్ వాటర్లో స్థాపించిన పరిశోధన కేంద్రంలో 1950ల నుంచి ఈ సంగతిని లోతుగా అధ్యయనం చేశారు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల మూల జీవక్రియ రేటు పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, రక్తంలో చక్కెర తగ్గిపోతుంది. కోలుకుంటున్నప్పుడు ఇది తారుమారవుతుంది. వేగంగా బరువు పెరుగుతున్న పిల్లల్లో భోజనం అయ్యాక జీవక్రియ బాగా ఎగబాకుతుందనీ, ఎత్తుకు తగ్గ బరువు వచ్చాక ఆ పెరుగుదల తగ్గిపోతుందనీ ఆన్ ఆష్‌వర్త్ 1969లో చూపారు. తిన్నది కొత్త కణజాలంగా మారుతున్న ఖర్చు అది.

చికిత్స కూడా ఈ అవగాహన మీదే నడుస్తుంది. పోషకాహార పునరావాస కేంద్రానికి వచ్చిన తీవ్ర లోపమున్న బిడ్డకు మొదటి రోజునే దండిగా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. మందగించిన గుండె, కాలేయం ఆ భారాన్ని మోయలేవు. అందుకని మొదట 100 మిల్లీలీటర్లకు 75 కిలో కేలరీలుండే పాల మిశ్రమాన్ని రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా ఇస్తారు. బిడ్డకు ఆకలి పుట్టాక 100 కిలో కేలరీల మిశ్రమానికి మారి, కిలో బరువుకు రోజుకు 150 నుంచి 220 కిలో కేలరీల దాకా పెంచుతారు. అప్పుడు 6 కిలోల బిడ్డ రోజుకు 60 గ్రాములు, ఇంకా ఎక్కువ కూడా పెరగగలదు.

జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఖర్చు పది శాతానికి పైగా పెరుగుతుంది, ఆకలి మాత్రం చచ్చిపోతుంది. నెలకోసారి విరేచనాలో దగ్గో పట్టుకునే పిల్లలకు తిన్నది ఒంటికి పట్టకపోవడం ఇందుకే. జబ్బులో తిండి మానిపించకపోవడం, తగ్గాక రెండు వారాలు ఒక పూట అదనంగా పెట్టడం దీనికి విరుగుడు.

పొట్ట నిండా పెడితే పిల్లలు లావైపోతారన్న భయానికి హైదరాబాద్ సమీప గ్రామాలే జవాబు చెప్పాయి. 1987 నుంచి 1990 వరకు 29 గ్రామాల్లో జరిగిన పరిశోధనలో దాదాపు సగం గ్రామాల్లోని గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పోషకాహారం అందించారు. ఆ పిల్లలు టీనేజికి వచ్చాక చూస్తే మిగతా ఊళ్ల పిల్లల కన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఒంట్లో కొవ్వు మాత్రం పెరగలేదు. ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది. సరైన వయసులో అందిన తిండి ఎత్తుగా మారింది.

పిల్లలను తూకం వేయించిన ప్రతిసారీ ఎత్తు కూడా కొలిపించి, రెండూ ఎదుగుదల పటంలో రాయించుకోండి. ఎత్తు ఆగిపోతే ఒళ్లెలా ఉన్నా వైద్యులకు చూపించండి. ఎత్తు చక్కగా పెరుగుతుంటే, మెటబాలిజం పేరుతో అమ్మే పొడులకూ మాత్రలకూ డబ్బు పెట్టకండి.